దర్జీ కొడుకు ఫోరియర్, మా పెద్దమ్మ మణికట్టు

మ్యాథ్స్‌లో ఫోరియర్ సిరీస్ మొదలైన రోజు మన క్లాసులో సగం మంది ముఖాలు ఎలా మాడిపోయాయో నాకు ఇంకా గుర్తుంది. ఏ-నాట్, ఏ-ఎన్, బీ-ఎన్, ఒక్కోదానికి ఒక్కో ఇంటిగ్రల్. ఒక్క మైనస్ ఎక్కడో జారిపోతే పేజీ మొత్తం పోయినట్టే. ఇంటర్నల్స్‌లో ఆ ప్రశ్నను నేను చాయిస్‌లో వదిలేశాను. ఫోరియర్ అనే మనిషితో నాకున్న పరిచయం అంతవరకే. అసలు అది ఒక మనిషి పేరన్న సంగతి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆ పేరు మా పెద్దమ్మ చెయ్యి దగ్గర మళ్లీ ఎదురైంది.

మా అమ్మవాళ్ల ఊరు సిరిసిల్ల. తాత సాంచాల మీద పని చేశాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, పవర్‌లూమ్‌ని సిరిసిల్లలో సాంచె అంటారు. పెద్ద బిడ్డను కోరుట్లకు ఇచ్చారు, చిన్న బిడ్డను, అంటే మా అమ్మను, జగిత్యాలకు ఇచ్చారు. కోరుట్లలో పెద్దమ్మ పెళ్లయిన కొత్తల్నించి బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, కొసలు మడవడం, దారం కట్టడం. రోజుకు వెయ్యి దాకా. చిన్నప్పుడు సెలవులకు పోతే నేను ఆమె పక్కన కూర్చొని కట్టలు లెక్కపెట్టేవాణ్ని. ఆమె మాట్లాడుతూనే ఉండేది, టీవీ చూస్తూనే ఉండేది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుంటూ పోయేవి.

రెండేళ్ల నుంచి ఆ వేళ్లు మాట వినడం మానేశాయి. మొదట రాత్రిపూట తిమ్మిర్లు. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకొని మళ్లీ పడుకునేది. తర్వాత పొద్దున కూడా. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, దారం పట్టు దొరకక బీడీ జారిపోయేది. చిటికెనవేలికి మాత్రం ఏమీ లేదు. నరాల బలహీనత అని అందరూ తీర్మానించారు. మందుల షాపులో ఇచ్చిన బి-కాంప్లెక్స్ గోళీలు ఎన్ని నెలలు మింగిందో లెక్క లేదు.

చివరికి జగిత్యాలలో ఒక డాక్టర్ గారికి చూపిస్తే ఆయన ఆమె మణికట్టు లోపలివైపు వేలితో టకటకా కొట్టి చూశారు. కరెంటు షాక్ లాగా వేళ్ల చివర దాకా జుమ్మంది. రెండు నిమిషాల్లో విషయం చెప్పేశారు. మణికట్టు దగ్గర ఒక సొరంగం ఉంటుంది. కింద, పక్కల ఎముకలు, పైన గట్టి పట్టీ లాంటి పొర. ఆ ఇరుకు సందులోంచి వేళ్లను లాగే తొమ్మిది తాళ్లు, అంటే టెండన్లు, వాటి మధ్య ఒక్క నరం వెళ్తాయి. దాని పేరు మీడియన్ నర్వ్. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శ ఇచ్చేది ఆ నరమే. సొరంగంలో చోటు తగ్గితే టెండన్లకు పెద్దగా ఏమీ కాదు, నరం నలిగిపోతుంది. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. బీడీ చుట్టేది ఏ మూడు వేళ్లతోనో సరిగ్గా ఆ మూడు వేళ్లే పోతాయన్న మాట వినగానే నాకు ఎలాగో అయింది.

కరీంనగర్‌లో నరం పరీక్ష చేయించాం. నరంలోకి సన్నగా కరెంటు పంపి అది ఎంత వేగంగా పోతుందో చూస్తారు. మణికట్టు దగ్గర ఆలస్యమవుతోందని తేలింది. మామూలుగా అక్కడితో సరిపోతుందట, అందరికీ ఎమ్మారై అక్కర్లేదట. కానీ పెద్దమ్మకు మణికట్టు దగ్గర చిన్న బొడిపె కూడా ఉంది. లోపల ఇంకేదైనా గడ్డ నరాన్ని నొక్కుతోందా అన్నది తేలాలంటే ఎమ్మారై తీయాలన్నారు.

స్కాన్ గదిలోకి లోహం ఏదీ పోకూడదు. పుస్తెలతాడు తీయనని పెద్దమ్మ మొండికేసింది. అమ్మ వెంటనే పసుపు కొమ్ము తెప్పించి దారానికి కట్టి మెడలో వేసింది. అప్పుడు గానీ పుస్తెలు తీయలేదు. బోర్లా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా ముందుకు చాపించి, మణికట్టుకు ఒక డబ్బా లాంటి కాయిల్ బిగించారు. అరగంట కదలొద్దు. బయటికి వచ్చాక ఆమె చెప్పిన మొదటి సంగతి నొప్పి గురించి కాదు. లోపల అచ్చం తన పుట్టింట్లో పడుకున్నట్టు ఉందట, నాలుగైదు సాంచాలు ఒక్కసారి ఆడుతున్నట్టు.

ఆ రాత్రి సీడీని లాప్‌టాప్‌లో పెట్టి చూశాను. మౌస్ తిప్పితే మణికట్టు ముక్కలు ముక్కలుగా, దొండకాయ చక్రాల్లాగా ఒకదాని తర్వాత ఒకటి కదులుతుంది. ఇంత బొమ్మ, చెయ్యి కొయ్యకుండా, ఎక్స్-రే లేకుండా ఎలా వచ్చిందని వెతకడం మొదలుపెడితే ప్రతి పేజీలో ఒకే పేరు. నేను చాయిస్‌లో వదిలేసిన ఆయన పేరే.

ఇక ఆయన కథలోకి వస్తాను.

జాన్ బాప్టిస్ట్ జోసెఫ్ ఫోరియర్ 1768 మార్చి 21న ఫ్రాన్స్‌లో ఓసేర్ అనే ఊళ్లో పుట్టాడు. (ఫ్రెంచి వాళ్లు ఆయన పేరును ఫూరియే అంటారు. మనకు అలవాటైన ఫోరియరే ఉంచుతున్నాను.) తండ్రి దర్జీ. ఇంటి నిండా పిల్లలు. ఫోరియర్‌కు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది, ఆ మరుసటేడు తండ్రి పోయాడు. పదేళ్లకు అనాథ. చర్చిలో ఆర్గన్ వాయించే ఒకాయన నడిపే బడిలో మొదట చదివాడు, తర్వాత ఊళ్లోనే ఉన్న సైనిక పాఠశాలలో చేరాడు. పద్నాలుగేళ్లకే బెజూ రాసిన లెక్కల పుస్తకాలు ఆరు సంపుటాలు పూర్తి చేశాడు. పగలు పారేసిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకొని దాచి, అందరూ పడుకున్నాక వాటి వెలుగులో లెక్కలు చేసుకునేవాడని చెప్తారు.

సైన్యంలో ఫిరంగి దళంలో చేరాలని ఆయన కోరిక. అక్కడ లెక్కలు వచ్చినవాళ్ల అవసరం ఉంది. కానీ దరఖాస్తు వెనక్కి వచ్చింది. కారణం మార్కులు కాదు, పుట్టుక. గొప్ప వంశం వాడు కాకపోతే ఆఫీసర్ పోస్టు లేదు. ఎంత తెలివి ఉన్నా దర్జీ కొడుకు దర్జీ కొడుకే. ఇది చదివినప్పుడు నాకు ఫ్రాన్స్ పెద్ద దూరం అనిపించలేదు.

దాంతో 1787లో సన్యాసుల మఠంలో చేరాడు. అక్కడ కూడా మనసు లెక్కల మీదే. 21 ఏళ్లు నిండిన రోజుల్లో ఒక ఉత్తరంలో బాధపడ్డాడు, ఈ వయసుకే న్యూటన్, పాస్కల్ చిరకాలం నిలిచే పనులు చేసేశారు, నేనింకా ఇక్కడే ఉన్నానని. నాకు పంతొమ్మిది. ఆ ఉత్తరం సంగతి చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు.

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. దీక్ష తీసుకోకుండానే మఠం వదిలి ఊరికి వచ్చి తను చదివిన బళ్లోనే పంతులు అయ్యాడు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే రోజులు పోతాయన్న ఆశ ఆయనకు ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1793లో ఊరి విప్లవ కమిటీలో చేరాడు. కానీ ఆ విప్లవమే తలలు నరకడం మొదలుపెట్టాక ఆయన వెనకడుగు వేశాడు. ఓర్లియాన్ అనే ఊళ్లో కొందరి పక్షాన మాట్లాడినందుకు ఆయన మీదే అనుమానం వచ్చింది. 1794 జులైలో అరెస్టు చేశారు. గిలటిన్ దాకా వెళ్లేవాడే. అదే నెలాఖరులో రోబెస్పియర్ తలే తెగింది, ఖైదీలు బయటపడ్డారు, ఫోరియర్ కూడా. తేదీలు కొన్ని వారాలు అటూ ఇటూ అయ్యి ఉంటే మనకు ఆ యూనిట్ ఉండేది కాదు (నవ్వకండి).

1795లో పారిస్‌లో కొత్తగా పెట్టిన ఎకోల్ నార్మాల్‌లో విద్యార్థిగా చేరాడు. పాఠాలు చెప్పింది ఎవరనుకున్నారు? లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. మన సిలబస్‌లో సగం పేర్లు అక్కడే ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఎకోల్ పాలిటెక్నిక్‌లో తనే పాఠాలు చెప్పే స్థాయికి వచ్చాడు. 1797లో లగ్రాంజ్ ఖాళీ చేసిన ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్నాడు.

ఇక హాయిగా లెక్కలు చేసుకుంటాడు అనుకుంటాం కదా. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద దండయాత్రకు పోతూ సైన్యంతో పాటు పండితుల దండును కూడా వెంట తీసుకెళ్లాడు. అందులో ఫోరియర్ ఒకడు. కైరోలో పెట్టిన ఈజిప్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు సెక్రటరీ అయ్యాడు. నెపోలియన్ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడు, ఫోరియర్ 1801 దాకా అక్కడే ఉన్నాడు. ఆ దేశం ఎండ ఆయన ఒంటికి పట్టింది. తిరిగి వచ్చాక బతికినన్నాళ్లూ చలి చలి అంటూనే ఉన్నాడు, ఎండాకాలంలో కూడా మందపాటి బట్టలు కప్పుకునేవాడు, గది వెచ్చగా ఉండాల్సిందే. వేడి మీద ఆయనకు అంత ఆసక్తి అందుకేనేమో అని కొందరు అంటారు. నాకైతే అది కొంచెం సినిమా కథలా అనిపిస్తుంది.

తిరిగొచ్చాక మళ్లీ పాఠాలు చెప్పుకుందామనుకున్నాడు. నెపోలియన్ వినలేదు. 1802లో ఇజేర్ జిల్లాకు ప్రిఫెక్ట్‌గా గ్రెనోబుల్‌కు పంపాడు. ప్రిఫెక్ట్ అంటే మన కలెక్టర్ లాంటి ఉద్యోగం. ఆ ఉద్యోగం కూడా సీరియస్‌గానే చేశాడు. బుర్గ్వాన్ దగ్గర పెద్ద చిత్తడి నేల ఉండేది, చుట్టుపక్కల జ్వరాలు. దాన్ని ఎండగట్టాలంటే ముప్పైకి పైగా ఊళ్లు ఒప్పుకోవాలి. ఒక్కో ఊరికీ నచ్చజెప్పి పని చేయించాడు. గ్రెనోబుల్ నుంచి ఇటలీలోని ట్యూరిన్ వైపు కొండల్లో రోడ్డు వేయించాడు. ఈజిప్టు మీద తెచ్చిన మహా గ్రంథానికి ముందుమాట రాశాడు. అదే ఊళ్లో షాంపోలియన్ అనే కుర్రాడికి తను తెచ్చిన ఈజిప్టు వస్తువులు చూపించాడు. ఆ కుర్రాడే పెద్దయ్యాక 1822లో ఈజిప్టు బొమ్మల లిపిని చదివాడు.

ఈ ఫైళ్లు, రోడ్లు, చిత్తడి నేలల మధ్య మిగిలిన టైంలో ఆయన చేసిందే మన యూనిట్. ప్రశ్న చాలా మామూలుది. ఇనుప కడ్డీని ఒక చోట కాలిస్తే వేడి అందులో ఎలా పాకుతుంది? ఆయన ఇనుప రింగు ఒకటి చేయించి, దాన్ని ఒక చోట కాల్చి, చుట్టూ థర్మామీటర్లు పెట్టి కొలిచాడు. రింగు మీద వేడి మొదట ఎంత వంకరటింకరగా ఉన్నా దాన్ని నున్నని అలల కూడికగా రాయొచ్చని పట్టుకున్నాడు. ఒక పెద్ద అల, దానికి రెట్టింపు వేగంతో ఒక చిన్న అల, మూడింతల వేగంతో ఇంకోటి, అలా. ఒక్కో అల తన దారిన తను చల్లారుతుంది. సన్నవి తొందరగా, పెద్దవి నిదానంగా. విడివిడిగా లెక్కకట్టి మళ్లీ కలిపితే ఎప్పుడు ఎక్కడ ఎంత వేడి ఉంటుందో తెలిసిపోతుంది.

నాకు ఇది అర్థమైంది సిరిసిల్ల వల్ల. సాంచాల షెడ్డులో నిలబడితే ఒకటే మోత, ఏదీ విడిగా వినపడదు. కానీ మా తాత మాత్రం బయట అరుగు మీద కూర్చొని, లోపల ఏ సాంచె మెల్లగా ఆడుతుందో, ఏది ఆగిందో చెప్పేవాడు. కలిసిపోయిన మోతలోంచి ఒక్కో సాంచె లయను విడదీసి పట్టుకోవడం. ఫోరియర్ దానికి లెక్క రాశాడు.

1807 డిసెంబర్ 21న ఆ పరిశోధనను పారిస్ ఇన్‌స్టిట్యూట్ ముందు పెట్టారు. పరిశీలించినవాళ్లు లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, లాక్రువా. తనకు పాఠాలు చెప్పిన గురువులే ఎగ్జామినర్లు. డెబ్బై దాటిన లగ్రాంజ్ అసలు ఒప్పుకోలేదు. నున్నని అలలు ఎన్ని కలిపితే మాత్రం మూలలు తిరిగిన గీత, మధ్యలో తెగిన గీత ఎలా వస్తుందన్నది అభ్యంతరం. పేపర్ అచ్చుకాలేదు. 1811లో వేడి మీదే బహుమతి పోటీ పెడితే ఫోరియర్ మళ్లీ పంపాడు. బహుమతి ఆయనకే వచ్చింది, కానీ దాంతో పాటు ఒక నోట్ కూడా వచ్చింది, రుజువు గట్టిగా లేదని. మళ్లీ అచ్చు వేయలేదు. ఇచ్చినట్టే ఇచ్చి చేతిలో పెట్టకుండా పోయారన్నమాట.

ఇక్కడ ఒకటి చెప్పాలి. లగ్రాంజ్ అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఫోరియర్ దగ్గర నిజంగానే పూర్తి రుజువు లేదు. అది 1829లో డిరిక్లే ఇచ్చాడు, కుర్రతనంలో పారిస్‌లో ఫోరియర్ చుట్టూ తిరిగినవాళ్లలో ఆయనొకడు. మనం బట్టీపట్టే డిరిక్లే కండిషన్స్ అవే. అలలు కొన్నింటి దగ్గరే ఆపేస్తే పదునైన అంచు పక్కన సన్నని తరంగాలు మిగిలిపోతాయి, ఎన్ని కలిపినా అంచు దగ్గర ఆ ఎగుడు పూర్తిగా చావదు. ఎమ్మారై బొమ్మల్లో ఇప్పటికీ అది కనిపిస్తుంది, ఎముక అంచు పక్కన వెంట్రుకల్లాంటి గీతలు. అది రోగం అనుకోకుండా ఉండటం రేడియాలజిస్టులు నేర్చుకోవాల్సిన సంగతుల్లో ఒకటి. లగ్రాంజ్ గారి అనుమానం స్కానర్‌లో ఇంకా బతికే ఉంది.

1815లో నెపోలియన్ ఎల్బా దీవి నుంచి తప్పించుకొని గ్రెనోబుల్ మీదుగానే వచ్చాడు. ఫోరియర్ ఇరుక్కుపోయాడు. ఊరు వదిలి వెళ్లాడు. నెపోలియన్ కోప్పడినా మళ్లీ రోన్ జిల్లాకు ప్రిఫెక్ట్‌ని చేశాడు, కొన్నాళ్లకే ఫోరియర్ ఆ ఉద్యోగం వదిలేశాడు. వాటర్లూ తర్వాత రాజు వచ్చాడు. ఇప్పుడు ఈ పక్షానికీ నమ్మకం లేదు, ఆ పక్షానికీ లేదు. దాదాపు యాభై ఏళ్ల వయసులో పారిస్‌లో ఉద్యోగం లేకుండా నిలబడ్డాడు. ఒకప్పటి శిష్యుడు షాబ్రోల్ అప్పుడు పారిస్ ఉన్న సేన్ జిల్లాకు ప్రిఫెక్ట్. ఆయన పిలిచి గణాంకాల ఆఫీసు అప్పజెప్పాడు. 1816లో సైన్స్ అకాడమీకి ఎన్నికైతే రాజు ఒప్పుకోలేదు. మరుసటేడు మళ్లీ ఎన్నుకున్నారు, ఈసారి కాదనలేకపోయాడు. 1822లో అదే అకాడమీకి శాశ్వత కార్యదర్శి అయ్యాడు. అదే ఏడు వేడి మీద ఆయన పుస్తకం అచ్చయింది. 1807లో చెప్పింది 1822లో. పదిహేనేళ్లు.

ఆ కుర్చీలో కూర్చున్నాక సోఫీ జెర్మెయిన్‌కు అకాడమీ సమావేశాలకు వచ్చే వీలు కల్పించాడు. ఆడవాళ్లకు అక్కడ చోటు లేని కాలం అది. 1824లో భూమి వేడి గురించి రాస్తూ, సూర్యుడికి ఇంత దూరంలో ఉన్న భూమి ఇంకా చల్లగా ఉండాలి కదా, గాలి పొర ఏదో వేడిని పట్టి ఉంచుతోందని ఊహించాడు. ఈ రోజు గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ అంటున్నాం. 1830లో గల్వా అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు అకాడమీ బహుమతికి పంపిన పేపర్‌ని ఫోరియర్ ఇంటికి తీసుకెళ్లాడు. చూసేలోపే చనిపోయాడు, ఆ పేపర్ మళ్లీ దొరకలేదు. తన పేపర్ పదిహేనేళ్లు ఆగిన మనిషి చేతిలోనే ఇంకొకరి పేపర్ పోవడం నాకు మింగుడు పడలేదు. కావాలని చేసింది కాదు, అయినా సరే.

గుండె జబ్బు ముందునుంచీ ఉంది. 1830 మే 4న మెట్ల మీంచి పడ్డాడు. మే 16న పోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఐఫెల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరు ఉంది.

ఇప్పుడు స్కాన్ సంగతి. మన ఒంట్లో నీళ్లు, కొవ్వు ఉన్న చోటల్లా హైడ్రోజన్ ఉంటుంది. పెద్ద అయస్కాంతంలో పెడితే ఆ హైడ్రోజన్ కేంద్రకాలు ఒక లయలో తిరుగుతాయి. 1.5 టెస్లా మిషన్‌లో ఆ లయ సెకనుకు సుమారు 64 మిలియన్ సార్లు, మన ఎఫ్ఎం రేడియో కంటే కొంచెం కింద. రేడియో తరంగంతో వాటిని తట్టి వదిలితే అవి తిరిగి చిన్నగా పాడతాయి. అయస్కాంతాన్ని అన్ని చోట్లా ఒకేలా ఉంచితే అన్నీ ఒకే శ్రుతిలో పాడతాయి, ఏది ఎక్కడుందో తెలీదు. అందుకే బొటనవేలి వైపు కొంచెం ఎక్కువ, చిటికెనవేలి వైపు కొంచెం తక్కువ ఉండేలా అయస్కాంతాన్ని వాలుగా పెడతారు. ఇప్పుడు ఒక్కో చోటిది ఒక్కో శ్రుతి. కాయిల్‌కు వినపడేది మాత్రం అన్నీ కలిసిన ఒకటే మోత. పెద్దమ్మకు సాంచాల్లా వినిపించిన చప్పుడు ఇది కాదు, అది ఆ వాలును మార్చే కాయిల్స్ అదిరే శబ్దం. కానీ పని అదే. కలిసిన మోతను విడదీస్తే ఏ శ్రుతి ఎంత గట్టిగా ఉందో తెలుస్తుంది, శ్రుతి తెలిస్తే చోటు తెలుస్తుంది. రెండో దిక్కుకు కూడా ఇలాంటి ఉపాయమే. మిషన్ నేరుగా బొమ్మ తీయదు. అలల లెక్కల పట్టిక ఒకటి నింపుతుంది, దాన్ని ఫోరియర్ పద్ధతిలో తిప్పితే బొమ్మ.

ఎమ్మారై బొమ్మను మొదట 1973లో పాల్ లాటర్‌బర్ వేరే పద్ధతిలో చూపించాడు. ఇలా ఫోరియర్ దారిలో బొమ్మ కట్టడం 1975లో జ్యూరిక్ నుంచి వచ్చింది. రాసినవాళ్లు ముగ్గురు, అనిల్ కుమార్, డీటర్ వెల్టి, రిచర్డ్ ఎర్న్‌స్ట్. మొదటి పేరు మన దేశం ఆయనదే, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు.

సీఎస్‌ఈ వాళ్లకు ఒక ముక్క. 256 శాంపిళ్ల వరసను సూటిగా విడదీస్తే 65,536 గుణకారాలు. 1965లో కూలీ, ట్యూకీ చెప్పిన ఎఫ్‌ఎఫ్‌టీతో ఎన్ లాగ్ ఎన్, అంటే సుమారు 2,048. ఒక ముక్కకు అలాంటి వరసలు వందల్లో, మణికట్టుకు ముక్కలు పదుల్లో. ఎఫ్‌ఎఫ్‌టీని గౌస్ 1805 ప్రాంతంలోనే కనిపెట్టి రాసుకొని పక్కన పెట్టాడన్నది ఇంకో కథ, వచ్చే సంచికకు. ఇంకొకటి, ఆ మిషన్ అయస్కాంతం పనిచేయాలంటే ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. జీవితమంతా చలికి వణికిన మనిషి లెక్క నడిచేది అక్కడ.

పెద్దమ్మ బొమ్మల దగ్గరికి మళ్లీ వస్తే, డాక్టర్ గారు స్క్రీన్ మీద చూపించారు. సొరంగం మొదట్లో నరం గుండ్రంగా ఉబ్బింది, మామూలు కంటే తెల్లగా మెరుస్తోంది. అంటే నీరు పట్టింది. రెండు మూడు ముక్కలు కిందికి వచ్చేసరికి అదే నరం చపాతీలా అణిగిపోయింది. పై పొర అరచేతి వైపు విల్లులా వంగింది. అడుగున చిన్న తెల్లని గుండ్రం, నీటి బుడగ లాంటి గాంగ్లియన్, కింద నుంచి నెడుతోంది. బొటనవేలి మొదట్లో కండ ఇంకా పూర్తిగా పోలేదు, కాబట్టి ఆపరేషన్ చేస్తే చెయ్యి తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉందన్నారు. రెండు నెలలు బరువు పని, చుట్టే పని వద్దన్నారు. అక్కడ పెద్దమ్మ ముఖం మారింది. బీడీలకు కూలి వెయ్యికి ఇంత అని ఇస్తారు, సెలవుకు ఏమీ రాదు. పెద్దబాపు ఏమీ అనలేదు, చేతి సంచిలో రిపోర్ట్ మడిచి పెట్టుకున్నాడు.

ఆపరేషన్ ముందు రోజు జగిత్యాలలో మా ఇంట్లోనే ఉంది. రాత్రి కరెంటు పోతే అరుగు మీద కూర్చున్నాం. చెయ్యి విదిలించుకుంటూ, ఆ బొమ్మను ఎవరు కనిపెట్టారని అడిగింది. ఒక్కరు కాదు చాలామంది అని మొదలుపెట్టి చివరికి ఫోరియర్ కథ మొత్తం చెప్పాను. ఈజిప్టు, రాజులు ఆమెకు పెద్దగా పట్టలేదు. దర్జీ కొడుకు అన్న దగ్గర మాత్రం ఆపింది. కొడుకు అంతవాడయ్యాడని ఆ తల్లిదండ్రులకు తెలుసా అని అడిగింది. పదేళ్లకే ఇద్దరూ పోయారని చెప్పాను. కాసేపు ఊరుకుంది. మరి ఆ పిల్లగానికి అన్నం ఎవరు పెట్టారని అడిగింది. చర్చిలో వాయించే ఒకాయన బడిలో చేర్చుకున్నాడని మాత్రం నాకు తెలుసు, అదే చెప్పాను. అన్నం సంగతి నేను చదివిన ఏ పేజీలోనూ లేదు.

కరెంటు వచ్చింది. పొద్దున్నే ఆరింటికి కరీంనగర్ బస్సు ఎక్కాలి కాబట్టి అమ్మ వచ్చి ఇద్దరినీ పడుకోమంది.